బొమ్మల్లో ప్రేమ, బొమ్మలపై ఆంక్ష: పాలంపేట శిల్పం నుంచి చిత్రకథ దాకా

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
- బొమ్మల ద్వారా ప్రేమకథ చెప్పే పద్ధతి తెలుగు నేలపై ఏయే రూపాల్లో సాగిందో వివరించగలుగుతారు.
- సమాజం ఒప్పుకోని ప్రేమను చిత్రించడానికి ఎవరికి, ఎక్కడ, ఏ షరతుల మీద అనుమతి దొరికిందో విశ్లేషించగలుగుతారు.
- శిల్పాన్ని, కావ్యాన్ని, పటాన్ని, చిత్రకథను చారిత్రక ఆధారాలుగా వాడేటప్పుడు వేయవలసిన ప్రశ్నలను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

ప్రేమకథ బొమ్మల్లోకి ఎక్కడం కొత్త విషయం కాదు. నేటి యువతరం చదివే జపాను 'మాంగా' పుస్తకాల్లోనూ, కామిక్స్‌లోనూ కులం, వర్గం, వివాహం వంటి గీతలు దాటే ప్రేమ ఎక్కువగా కనిపిస్తుంది. అది చూసి కొందరు పెద్దలు ఇదంతా బయటి దేశాల నుంచి వచ్చిన పోకడ అంటారు. మరికొందరు ఇందుకు ఎదురుగా, మన గుడుల మీద లేని శృంగారం ఎక్కడుంది, మన పూర్వులు ఎంతో స్వేచ్ఛగా ఉండేవారు అంటారు. చరిత్ర విద్యార్థులుగా మీరు ఈ రెండు మాటల్లో దేన్నీ పరీక్షించకుండా ఒప్పుకోకూడదు. మొదటి మాట ఆధారాలను చూడదు. రెండవ మాట ఆధారాలను చూస్తుంది గాని వాటిని ప్రశ్నించదు.

ఈ పాఠంలో మనం పాలంపేట నుంచి బయలుదేరి, ఓరుగల్లు చిత్రశాల, చేర్యాల పటం, అచ్చు పుస్తకం మీదుగా చిత్రకథ వరకు వెళతాం. ప్రతి మజిలీలోనూ మూడు ప్రశ్నలు వేద్దాం. బొమ్మ వేయించింది ఎవరు? దాన్ని ఎవరు, ఎక్కడ చూశారు? అందులో గీత దాటిన వారు ఎవరు, ఆ దాటడానికి మూల్యం చెల్లించింది ఎవరు? ఈ మూడు ప్రశ్నలు గుర్తుంచుకోండి. పరీక్షలో జవాబు రాయడానికే కాదు, రేపు మీరు ఏ బొమ్మ ముందు నిలబడినా ఇవి పనికొస్తాయి.

2. పాలంపేట: రాతిలో ప్రేమ

పాలంపేట పాత వరంగల్ జిల్లాలోని గ్రామం, ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది. అక్కడి రుద్రేశ్వరాలయాన్నే ప్రజలు రామప్ప గుడి అంటారు. శాసనం ప్రకారం శక సంవత్సరం 1135లో, అంటే క్రీ.శ. 1213లో, కాకతీయ గణపతిదేవుని సేనాని రేచెర్ల రుద్రుడు ఈ గుడిని కట్టించాడు. హైదరాబాదు రాజ్య పురావస్తు శాఖకు సంచాలకుడైన గులాం యజ్దానీ 1922లో పాలంపేట ఆలయాలపై ప్రత్యేక గ్రంథం వెలువరించాడు. 2021 జులైలో యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

గుడి మూడు ద్వారాల దగ్గర, చూరు కింద, నల్లరాతి స్త్రీమూర్తులు వంగి నిలబడి ఉంటాయి. ఇవి మొత్తం 12. వీరినే మదనికలు అంటారు. పాములను ఒంటికి చుట్టుకున్న నాగిని వీరిలో ఒకతె. మరొకతె బట్టను కోతి లాగుతుంటుంది. ఇంకొకతె కాళ్లకు ఎత్తు మడమల పాదరక్షలు ఉన్నాయని దారి చూపేవారు తప్పకుండా చెబుతారు. లోపల రంగమండపంలో స్తంభాల మీద, దూలాల మీద పురాణ ఘట్టాలు చెక్కారు. సముద్ర మథనం, త్రిపుర సంహారం, గిరిజా కల్యాణం వంటివాటితో పాటు గోపికా వస్త్రాపహరణం కూడా అక్కడ ఉంది. శివుని గుడిలో కృష్ణకథ చెక్కడం గమనించదగిన విషయం.

ఈ శిల్పాల నుంచి చరిత్రకారుడు ఏమి తెలుసుకోగలడు? ముందుగా వేయించినవాడి సంగతి. శాసనం రేచెర్ల రుద్రుణ్ణి, అతని వంశాన్ని, ప్రభువును పేర్కొంటుంది. మదనికలకు మాత్రం పేర్లు లేవు. వారు దేవనర్తకులా, అప్సరసలా, ఆనాటి నాట్యకత్తెల పోలికలా అన్నది శిల్పం చెప్పదు. గణపతిదేవుని గజసాహిణి జాయప సేనాని 13వ శతాబ్ది మధ్యలో రచించిన 'నృత్తరత్నావళి'లోని నృత్య లక్షణాలకు, ఈ శిల్ప భంగిమలకు పోలికలు ఉన్నాయని పండితులు చూపారు. నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని పునరుద్ధరించడానికి ఈ రెండింటినీ ఆధారం చేసుకున్నాడు. అంటే ఆ మూర్తుల వెనుక నిజమైన నర్తకుల శరీరాలు, శిక్షణ ఉన్నాయని ఊహించడానికి అవకాశం ఉంది. కాని వారు ఎవరిని ప్రేమించారు, ఎవరిని పెళ్లాడారు, వారికి ఆ స్వేచ్ఛ ఉందా అన్న ప్రశ్నలకు ఈ రాళ్లు జవాబు ఇవ్వవు. గుడిని ప్రజలు పిలిచే 'రామప్ప' అన్న పేరు శిల్పిదని జనశ్రుతి. అది జనశ్రుతిగానే విలువైనది, శాసన సాక్ష్యంతో సమానం మాత్రం కాదు.

ఇక గోపికా వస్త్రాపహరణం. ఈ కథను చాలామంది రాసలీలతో కలిపేస్తారు. భాగవతం దశమ స్కంధంలో ఇవి రెండు వేర్వేరు ఘట్టాలు. వస్త్రాపహరణంలోని గోపికలు పెళ్లికాని కన్యలు. కృష్ణుడే భర్త కావాలని కాత్యాయనీ వ్రతం చేస్తున్నవారు. రాసలీలలో ఇంటిని, భర్తను విడిచి వచ్చిన గృహిణులు కూడా ఉన్నారు. అసలైన నిషిద్ధ ప్రేమ ఇక్కడ మొదలవుతుంది. ఆ చిక్కును భాగవతం దాచలేదు. ధర్మాన్ని నిలపడానికి వచ్చినవాడు పరస్త్రీలను ఎలా తాకాడు అని పరీక్షిత్తే నేరుగా అడుగుతాడు. శుకుడు ఇచ్చిన జవాబు సారాంశం ఇది: అగ్ని దేన్ని దహించినా అపవిత్రం కానట్టే సమర్థులైన ఈశ్వరులకు దోషం అంటదు, కాని సామాన్యుడు మనసులో కూడా అలాంటి పని చేయరాదు. ఓరుగల్లు ప్రాంతపు బమ్మెర పోతన తెలుగు చేసింది ఈ భాగవతాన్నే.

ఈ జవాబును జాగ్రత్తగా గమనించండి. కథను నిషేధించలేదు, పాడుకోవచ్చు. గుడి స్తంభం మీద చెక్కుకోవచ్చు. కాని దాన్ని చూసేవాడికీ కథలోని వాడికీ మధ్య ఒక దూరం పెట్టారు. దేవునికి చెల్లింది నీకు చెల్లదు అన్నదే ఆ దూరం. ఈ పాఠమంతటికీ ఇది తాళంచెవి వంటిది. గీత దాటిన ప్రేమను మన పూర్వులు విరివిగానే చిత్రించారు. అయితే దాదాపు ప్రతిసారీ ఏదో ఒక దూరాన్ని కాపాడుకుంటూ చిత్రించారు.

3. ఓరుగల్లు చిత్రశాల: ఒక స్త్రీ ఎంచుకున్న బొమ్మలు

కాకతీయుల కాలపు ఓరుగల్లును కళ్లకు కట్టే తెలుగు రచన 'క్రీడాభిరామం'. రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతంలో రాసిన 'ప్రేమాభిరామం' దీనికి మూలం. తెలుగు కర్తగా వినుకొండ వల్లభరాయుని పేరు ఉన్నా, ఇది శ్రీనాథుని రచనే అని వాదించిన పండితులు ఉన్నారు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒక రోజంతా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ చూసినవి చెప్పుకోవడమే కథ. పూటకూళ్ల ఇల్లు, మైలారదేవుని కొలువు, పలనాటి వీరుల కథ పాడే స్త్రీ, కోడిపందెం, పాములాట అన్నీ అందులో కనిపిస్తాయి.

ఆ మిత్రులు చూసిన వాటిలో మాచల్దేవి ఇల్లు ఒకటి. ఆమె ప్రతాపరుద్రుని కొలువులో పేరున్న వేశ్య. ఆమె తన ఇంట చిత్రశాల కట్టించుకుని, శాస్త్రోక్తంగా ప్రవేశం జరుపుకుంటున్నది. ఆ గోడల మీద ఏ బొమ్మలు ఉన్నాయో కవి వరుసగా చెబుతాడు. దారుకావనంలో మునిపత్నులు శివునిపై మోహపడిన ఘట్టం, గోపికలతో కృష్ణుడు, అహల్యతో ఇంద్రుడు, తారతో చంద్రుడు, మేనకతో విశ్వామిత్రుడు.

ఈ జాబితాను ఒకసారి పరిశీలించండి. ఇందులో వివాహ బంధం లోపల ఉన్న ప్రేమ ఒక్కటీ లేదు. మునిపత్నులు పరుల భార్యలు. అహల్య గౌతముని ఇల్లాలు. తార దేవగురువు బృహస్పతి భార్య, చంద్రుడు అతని శిష్యుడు. విశ్వామిత్రుడు తపస్సు చేసుకుంటున్న ముని. పార్వతీ కల్యాణమో, సీతా స్వయంవరమో అక్కడ ఉన్నట్టు కవి చెప్పలేదు. వివాహ వ్యవస్థ వెలుపల బతికే స్త్రీ తన ఇంటి గోడకు వివాహ గీత దాటిన పురాణ కథలనే ఎంచుకుందని కవి మనకు చూపుతున్నాడు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, క్రీడాభిరామం కావ్యం, ఫొటో కాదు. కాకతీయ రాజ్యం 1323లో పతనమైంది. మనకు దొరికిన తెలుగు రచన ఆ తర్వాతిది. మాచల్దేవి చిత్రశాలను కవి అలంకరించి చెప్పి ఉండవచ్చు. పురుషుడైన కవి వేశ్య ఇంటిని ఎలా ఊహించాడు అన్నది కూడా ఇందులో కలిసి ఉంది. రెండవది, అయినా ఇది నిరుపయోగం కాదు. సంపన్నురాలైన గణిక ఇంట్లో చిత్రశాల ఉండటం, అందులో ఇలాంటి ఘట్టాలు ఉండటం ఆనాటి పాఠకుడికి నమ్మదగినవిగా తోచాయి కాబట్టే కవి వాటిని రాశాడు. సంఘటన నిజమా కాదా అని తేల్చలేనప్పుడు కూడా, ఆ కాలంలో ఏది సాధారణంగా తోచేదో కావ్యం ద్వారా తెలుసుకోవచ్చు.

మూడవ ప్రశ్నకు వద్దాం. ఈ కథల్లో మూల్యం ఎవరు చెల్లించారు? ఇంద్రుని ఒంటి మీది శాప చిహ్నాలు కళ్లుగా మారాయి, స్వర్గాధిపత్యం మళ్లీ దక్కింది. అహల్య మాత్రం ప్రచారంలో ఉన్న కథ ప్రకారం రాయిగా పడి ఉండవలసి వచ్చింది. మేనక కన్న బిడ్డ శకుంతల పుట్టగానే తల్లిదండ్రులకు దూరమైంది. దేవతల మధ్య కూడా శిక్ష సమానంగా పడలేదు. అయితే మాచల్దేవి గోడ మీద శాపం లేదు, రాయి లేదు. ప్రేమ ఘట్టం దగ్గరే బొమ్మ ఆగింది. కథ మొత్తం చెబితే వచ్చే నీతి, ఒక్క ఘట్టం చూపితే వచ్చే అర్థం ఒకటి కావు. బొమ్మకు ఉన్న ఈ శక్తిని తర్వాతి కాలపు నిషేధకర్తలు బాగా గుర్తించారు.

4. చేర్యాల పటం: ఊరి మధ్యకు వచ్చిన కథ

గుడి సేనానిది, చిత్రశాల రాజధాని గణికది. మరి శ్రమజీవుల కులాల వారి బొమ్మలు ఎక్కడ? పాత వరంగల్ జిల్లాలోని, నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీ కళాకారులు వేసే పటాలు ఈ ప్రశ్నకు జవాబు. ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు పూసి ఆరబెట్టి, ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు వేస్తారు. పటం సుమారు 3 అడుగుల వెడల్పు, పదుల అడుగుల పొడవు ఉంటుంది. అడ్డగీతలతో దాన్ని గడులుగా విభజిస్తారు. కథకులు ఒక్కొక్క గడిని విప్పుతూ పాడతారు. గడి తర్వాత గడిగా కథ సాగడం, ఒకే పాత్ర మళ్లీ మళ్లీ కనిపించడం, మాటా బొమ్మా కలిసి నడవడం నేటి కామిక్స్‌లోనూ ఉన్న లక్షణాలే. తేడా ఏమంటే కామిక్స్‌ను ఒక్కరే కూర్చుని చదువుకుంటారు, పటాన్ని ఊరి వాడ అంతా కలిసి చూస్తుంది.

ఒక్కొక్క కులానికి ఒక్కొక్క కథ, ఒక్కొక్క ఆశ్రిత కథక బృందం ఉంటుంది. పద్మశాలీలకు కూనపులి వారు మార్కండేయ పురాణం చెబుతారు. ముదిరాజులకు కాకిపడగల వారు పాండవుల కథ చెబుతారు. మాదిగలకు డక్కలి వారు జాంబపురాణం చెబుతారు. తమ పుట్టుకను, వృత్తి గౌరవాన్ని తమ మాటల్లో చెప్పుకునే సాధనాలు ఇవి. పద్మశాలీల కథలో వారి మూలపురుషుడు భావనారుషి సూర్యుని కూతురు భద్రావతిని పెళ్లాడతాడు. భూమి మీది నేతగాడికి ఆకాశం నుంచి పెళ్లికూతురు వచ్చిందన్నమాట.

మాదిగ సముదాయాల సంప్రదాయంలో అరుంధతి తమ ఇంటి ఆడపడుచు. 'అరుంధతీయులు' అన్న పేరు అందుకే వచ్చింది. మనుస్మృతి కూడా తక్కువ పుట్టుకగల అక్షమాల వసిష్ఠునితో కలిసి పూజ్యురాలైందని చెబుతుంది. అక్షమాలే అరుంధతి అని వ్యాఖ్యాతలు గుర్తించారు. ఇప్పుడు తెలుగు పెళ్లిళ్లలోని ఒక ఆచారం గుర్తు తెచ్చుకోండి. మూడు ముళ్లు పడ్డాక వరుడు వధువుకు ఆకాశంలో అరుంధతీ నక్షత్రాన్ని చూపుతాడు. పాతివ్రత్యానికి గుర్తుగా చూపే ఆ నక్షత్రం, మాదిగల చెప్పుకోలు ప్రకారం, కులం దాటిన పెళ్లి చేసుకున్న స్త్రీది. కులం దాటితే ఒప్పుకోని ఇళ్లలో కూడా పెళ్లినాడు ఆమెకే దండం పెట్టిస్తారు.

ఇక్కడ కూడా దూరం ఉంది. నక్షత్రమంత దూరం. దగ్గర ఉన్నప్పుడు ఒప్పుకోని ప్రేమను ఆకాశంలో ఉంచితే పూజిస్తారు. అయితే పటం కథ ఆ దూరాన్ని తగ్గిస్తుంది. ఆమె మా ఇంటి పిల్ల అని వాడ మధ్యలో చెప్పుకోవడం మామూలు వినోదం కాదు, గౌరవంలో వాటా అడగడం. గుడి స్తంభం మీది గోపికకు లేని గొంతు ఇక్కడ ఒక సముదాయానికి దొరికింది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి
1. వస్త్రాపహరణ, రాసలీల ఘట్టాల మధ్య తేడా ఏమిటి?
2. మాచల్దేవి చిత్రశాలలోని ఘట్టాలకు ఉన్న ఉమ్మడి లక్షణం ఏమిటి?
3. పటం కథకూ కామిక్స్‌కూ ఉన్న పోలికలు, తేడాలు రాయండి.

5. రాయికి మినహాయింపు, కాగితానికి శిక్ష

అచ్చుయంత్రం వచ్చాక పరిస్థితి మారింది. పుస్తకం ఎవరి చేతికైనా చేరగలదు. ఆడపిల్ల ఇంట్లో కూర్చుని ఒంటరిగా చదువుకోగలదు. పూర్వం కాపాడిన దూరాలు ఇక్కడ నిలబడవు.

బ్రిటిష్ ప్రభుత్వం 1860లో తెచ్చిన భారత శిక్షాస్మృతిలోని 292వ సెక్షను అశ్లీల పుస్తకాలను, చిత్రాలను నేరంగా ప్రకటించింది. అదే సెక్షనులో ఒక మినహాయింపు ఉంది. గుడి మీదగాని, దేవుని రథం మీదగాని చెక్కిన, చిత్రించిన బొమ్మలకు అది వర్తించదు. 1969 సవరణలో పురాతన కట్టడాలను కూడా ప్రత్యేకంగా పేర్కొన్నారు. శిక్షాస్మృతి స్థానంలో 2023లో చేసిన భారతీయ న్యాయ సంహితలోనూ ఈ మినహాయింపు కొనసాగింది. అంటే ఒకే ఘట్టం రాతి మీద ఉంటే వారసత్వం, కాగితం మీద ఉంటే కేసు కావచ్చు. బొమ్మలో ఏముంది అన్నదానితో పాటు, బొమ్మ ఎక్కడుంది, ఎవరి చేతికి అందుతుంది అన్నది కూడా చట్టం లెక్కలోకి తీసుకున్నది.

దీనికి తెలుగులో స్పష్టమైన ఉదాహరణ ముద్దుపళని 'రాధికాసాంత్వనం'. ఆమె 18వ శతాబ్దిలో తంజావూరు మరాఠా పాలకుడు ప్రతాపసింహుని కొలువులోని కవయిత్రి. కృష్ణుడు ఇళను పెళ్లాడినప్పుడు రాధ పడిన వేదన, కోపం, కోరిక ఆ కావ్య వస్తువు. బెంగళూరు నాగరత్నమ్మ సరైన ప్రతిని సంపాదించి పరిష్కరించగా, వావిళ్ల వారు 1910లో దాన్ని ప్రచురించారు. వెంటనే అభ్యంతరాలు వచ్చాయి. ప్రభుత్వం అశ్లీలత పేరుతో పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలో ఆ నిషేధం తొలగింది. రాధాకృష్ణుల శృంగారం పాడిన పురుష కవులు ఎందరో ఉన్నారు. స్త్రీ రాసి, స్త్రీ పరిష్కరించినప్పుడు ఆ వస్తువు ఎక్కువ గుచ్చుకున్నదని ఆనాటి వాదోపవాదాలను చూస్తే తెలుస్తుంది. వేయించింది ఎవరు అన్న మన మొదటి ప్రశ్న ఎంత ముఖ్యమో ఇక్కడ గమనించండి.

6. చిత్రకథ, కామిక్స్, మాంగా

1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి 'చందమామ'ను ప్రారంభించారు. వడ్డాది పాపయ్య, ఎం.టి.వి. ఆచార్య, చిత్ర, శంకర్ వంటి చిత్రకారులు తెలుగు పిల్లల కళ్లకు రాజకుమార్తెను, మాంత్రికుణ్ణి, బేతాళుణ్ణి అలవాటు చేశారు. 1967లో అనంత్ పాయ్ సంపాదకత్వంలో మొదలైన 'అమర చిత్ర కథ' గడుల రూపంలో పురాణాలను, చరిత్రను ఇంటింటికీ చేర్చింది. శకుంతల, నలదమయంతుల ప్రేమ ఇలా పిల్లల పుస్తకంలోకి వచ్చింది. పిల్లల కోసం కాబట్టి ప్రేమకు పెళ్లి అనే ముగింపు దాదాపు ఖాయం.

చందమామ పుట్టిన 1947లోనే అమెరికాలో జో సైమన్, జాక్ కర్బీ 'యంగ్ రొమాన్స్' అనే ప్రేమకథల కామిక్స్ ప్రారంభించారు. ఆ తరహా పుస్తకాలు విపరీతంగా అమ్ముడయ్యాయి. కామిక్స్ పిల్లలను చెడగొడుతున్నాయన్న ఆందోళన పెరిగి, 1954లో ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి పెట్టుకున్నారు. దాని ప్రకారం అక్రమ సంబంధాన్ని సూచనగా కూడా చూపరాదు, ప్రేమకథ ఇంటి విలువను, వివాహ పవిత్రతను చాటాలి. అదే 1954లో మన పార్లమెంటు ప్రత్యేక వివాహ చట్టం చేసింది. కులమతాలతో పనిలేకుండా ఇద్దరు వయోజనులు పెళ్లి చేసుకునే దారి అది. ఈ రెండింటికీ సంబంధం లేదు. కాని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. ప్రేమ మీద ఆంక్షలు విధించేది తూర్పు, విడిపించేది పడమర అన్న సులువైన లెక్క చరిత్రలో నిలబడదు.

జపానును చూడండి. 1703లో చికమత్సు రాసిన 'సొనెజాకి షింజూ' ఒక దుకాణపు గుమస్తాకూ, ఒక వేశ్యకూ మధ్య ప్రేమ కథ. కలిసి బతకలేక ఇద్దరూ కలిసి ప్రాణం తీసుకుంటారు. దాన్ని మొదట ప్రదర్శించింది బొమ్మలాటగానే. అలాంటి నాటకాలు పెరగడంతో 1723లో అక్కడి షోగన్ ప్రభుత్వం వాటిని నిషేధించింది. 1791లో సాంతో క్యోదెన్ అనే రచయిత వినోద వాడల కథలు రాసినందుకు 50 రోజులు చేతులకు సంకెళ్లతో ఉండవలసి వచ్చింది. హొకుసాయి తన బొమ్మల సంపుటికి 'మాంగా' అని పేరు పెట్టి మొదటి భాగం వెలువరించింది 1814లో. ఇలాంటి ఆంక్షల చరిత్ర వెనుక ఉన్న దేశంలోనే 1972లో రియోకో ఇకేదా 'వెర్సాయ్ గులాబీ' మాంగాను వారపత్రికలో మొదలుపెట్టింది. మగవాడిలా పెరిగిన ప్రభువంశపు స్త్రీ ఆస్కార్, ఆ ఇంటి సేవకుడు ఆంద్రే మధ్య ప్రేమ అందులో ప్రధానం. ఆడపిల్లలు విరగబడి చదివారు. అయితే కథ నడిచింది జపానులో కాదు, 18వ శతాబ్ది ఫ్రాన్సులో. చివరకు విప్లవ కాలంలో ఇద్దరూ మరణిస్తారు. దేవుని దూరం స్థానంలో ఇక్కడ దేశం దూరం, కాలం దూరం వచ్చాయి. అంతే తేడా.

7. దూరం తగ్గినప్పుడు

ఇంతవరకు చూసిన ఆధారాలను ఒకచోట చేరుద్దాం. గుడిలో ఆ ప్రేమ దేవునిది. చిత్రశాలలో దేవతలది, ఋషులది. ఇల్లు గణికది. పెళ్లిలో అది నక్షత్రానిది. మాంగాలో పరదేశానిది. నిషిద్ధ ప్రేమను మనిషి ఎన్నడూ చూడకుండా ఉండలేదు. చూసే చోటును మాత్రం తన గడపకు దూరంగా పెట్టుకున్నాడు.

ఆ దూరం తగ్గినప్పుడు ఏమవుతుంది? కులం దాటి పెళ్లి చేసుకున్న జంటలపై దాడులు, హత్యలు మన తెలుగు రాష్ట్రాల్లో ఇంకా జరుగుతూనే ఉన్నాయి. మీరు వార్తల్లో చదువుతూనే ఉన్నారు. 2018 మార్చిలో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు, ఇష్టపడి పెళ్లాడిన వయోజనులకు రక్షణ కల్పించడం ప్రభుత్వాల బాధ్యత అని చెప్పి, నివారణ చర్యలను నిర్దేశించింది. ప్రత్యేక వివాహ చట్టంలో మాత్రం పెళ్లికి 30 రోజుల ముందు నోటీసు ప్రకటించాలన్న నియమం ఇప్పటికీ ఉంది. రహస్యం దాచుకోవలసిన జంటకు ఆ నోటీసే ప్రమాదం కావచ్చు.

కాబట్టి 'మన పూర్వులు గుడి మీద శృంగారం చెక్కించారు, వారు స్వేచ్ఛాప్రియులు' అన్న మాటను మీరు ఎలా పరీక్షిస్తారు? చెక్కించిన సేనాని స్వేచ్ఛ వేరు, చెక్కిన చేతి స్వేచ్ఛ వేరు, ఆ బొమ్మకు పోలిక ఇచ్చిన నర్తకి స్వేచ్ఛ వేరు. బొమ్మలో ఉన్న స్వేచ్ఛ సమాజంలోనూ ఉందని అనుకోవడం చరిత్ర రచనలో తరచూ జరిగే పొరపాటు. దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. బొమ్మలన్నీ ప్రజలను మభ్యపెట్టడానికే అని కొట్టివేయడం. మాచల్దేవి ఎంపిక, ముద్దుపళని రాత, నాగరత్నమ్మ పట్టుదల, అరుంధతి మా బిడ్డ అన్న మాట, ఇవన్నీ ఇచ్చిన దూరాన్ని కొద్దికొద్దిగా తగ్గించిన ప్రయత్నాలు. చట్టం కన్న ముందు, చట్టం లేని చోట కూడా, మనుషులు బొమ్మతోనూ పాటతోనూ తమ వాదన వినిపించారు. చరిత్రకారుడు ఈ రెండింటినీ నమోదు చేయాలి.

8. సారాంశం

బొమ్మల్లో ప్రేమకథ చెప్పడం తెలుగు నేలపై కనీసం 800 సంవత్సరాల నాటి పాలంపేట శిల్పాల నుంచి నేటి కామిక్స్ వరకు అనేక రూపాల్లో సాగింది. సమాజం నిషేధించిన ప్రేమను చిత్రించడానికి అనుమతి దొరికింది, కాని దేవుడు, పురాణం, గతం, పరదేశం వంటి దూరాల షరతు మీద. అచ్చుపుస్తకం ఆ దూరాలను తగ్గించగా, చట్టం రాతికి మినహాయింపు ఇచ్చి కాగితాన్ని నియంత్రించింది. పోషకుడు, ప్రేక్షకుడు, మూల్యం చెల్లించినవాడు అనే మూడు ప్రశ్నల ద్వారా ఈ ఆధారాలను చదవాలి.

9. కీలక పదాలు

మదనిక: ఆలయపు చూరు కింద వంపు రూపంలో అమర్చిన స్త్రీమూర్తి.
చిత్రశాల: గోడలపై చిత్రాలు వేయించిన మందిరం.
పటం కథ: గుడ్డపై గడులుగా వేసిన బొమ్మలను చూపుతూ పాడే కథ.
మాంగా: జపాను చిత్రకథ.

10. నమూనా ప్రశ్నలు

క్లుప్త సమాధాన ప్రశ్నలు
1. పాలంపేట ఆలయ నిర్మాణ కాలాన్ని, నిర్మాతను తెలిపే ఆధారం ఏమిటి?
2. పరీక్షిత్తు ప్రశ్నకు శుకుడు ఇచ్చిన సమాధానపు ప్రాముఖ్యాన్ని తెలపండి.
3. 'రాధికాసాంత్వనం' నిషేధాన్ని గురించి రాయండి.

వ్యాసరూప ప్రశ్నలు
1. క్రీడాభిరామాన్ని చారిత్రక ఆధారంగా వాడటంలోని ప్రయోజనాలను, పరిమితులను చర్చించండి.
2. 'రాయికి మినహాయింపు, కాగితానికి శిక్ష' అన్న వాక్యాన్ని ఉదాహరణలతో విశ్లేషించండి.

అభ్యాసం
వీలున్నవారు పాలంపేటకు వెళ్లండి. వరంగల్ నుంచి సుమారు 70 కిలోమీటర్ల దూరం. ఎత్తు మడమల మదనిక దగ్గర అందరూ ఆగుతారు, మీరూ ఆగండి. తర్వాత లోపలికి వెళ్లి ఒక్క స్తంభాన్ని ఎంచుకుని, దాని మీద ఉన్న ప్రతి మనిషినీ లెక్కపెట్టి, ఎవరు ఏమి చేస్తున్నారో మీ నోటు పుస్తకంలో రాసుకోండి. వెళ్లలేనివారు మీ ఊరి గుడిలోనో, ఇంట్లో ఉన్న పాత బొమ్మల పుస్తకంలోనో ఒక ప్రేమ ఘట్టాన్ని ఎంచుకోండి. ఈ పాఠంలోని మూడు ప్రశ్నలు వేసి, జవాబులను ఒక పుటలో రాసి, మీ అధ్యయన కేంద్రంలోని తోటి విద్యార్థులతో చర్చించండి.